పెళ్లి సెట్టింగు

గిరికి కెమెరా అంటే భయం లేదు. పెళ్లివాళ్లంటే భయం లేదు. భోజనాల దగ్గర మాంసం ముక్క పడలేదని కెమెరావాడి మీద కస్సుమనే మేనమామలన్నా భయం లేదు. ఉన్న భయమల్లా ఒక్కటే, తీసిందంతా డిస్కులోకి ఎక్కించే ముందు కంప్యూటర్ తెరిచి చూపించే ఆ సెట్టింగుల పేజీ. నిండా గళ్లే. ఒక గడి నొక్కితే దాని కింద పొడుగ్గా పేర్లు జారుతాయి. పాల్ అట, ఎన్‌టీఎస్‌సీ అట, బిట్‌రేటు అట, సెకనుకు ఇన్ని ఫ్రేములట. ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పే నాథుడు లేడు. తప్పు నొక్కావురా నాయనా అని కంప్యూటరూ అనదు. గంటల తరబడి గుడుగుడుమని తిరిగి, అయిపోయింది తీసుకో అంటుంది. ఆ తప్పు బయటపడేది పెళ్లివారింట్లో, చుట్టపక్కాలంతా టీవీ ముందు కుదురుగా కూర్చున్నాక.

కట్టంగూర్‌లో హైవే పక్కన పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు పెట్టిన కొత్తలో అన్నీ చవిచూశాడు. ఒకరి పెళ్లి డిస్కు నలుపు తెలుపులో ఆడింది. ఇంకొకరి డిస్కులో పెళ్లికొడుకు అటూ ఇటూ నొక్కేసినట్టు సన్నగా, తాటిచెట్టంత పొడుగ్గా వచ్చాడు. మరో ఇంట్లో అయ్యవారు నోరు మూశాక మంత్రం వినిపించింది. ఇక చాలా ఇళ్లలో అయితే ప్లేయర్ డిస్కును మింగి, కాసేపు కిర్రుకిర్రుమని, 'నో డిస్క్' అని బయటికి ఉమ్మేసింది. ఒక్కో ఇంట్లో ఒక్కో ప్లేయరు. అన్నీ బజార్లో దొరికే పేరూ ఊరూ లేని డబ్బాలు, ఒకదానికి నచ్చింది ఇంకోదానికి పడదు. చివరికి నల్గొండలో అతడికి పని నేర్పిన పరమేష్ ఒకనాడు వచ్చి, కంప్యూటర్ ముందు పొద్దంతా కూర్చుని, గళ్లన్నీ తనకు తోచినట్టు నింపి, ఆ వరుసకు 'పెళ్లి' అని పేరు పెట్టి దాచాడు.

"ఇగో, గిది ఏ ఇంట్లనైనా ఆడుతది. ఇగ దీని జోలికి పోకు," అన్నాడు పరమేష్.

గిరి పోలేదు. ఆ తర్వాత చేసిన ప్రతి డిస్కూ, పెళ్లయినా పుట్టినరోజైనా చీర కట్టించే ఫంక్షనైనా, 'పెళ్లి' మీద ఒక్క నొక్కు నొక్కి చేసిందే. ఒక్కటీ వాపసు రాలేదు. లోపలి గళ్లలో ఏముందో చూసే అవసరమే అతడికి పడలేదు. చూసినా అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి.

జిల్లాలు విడిపోయిన ఏడాది గిరి మేనమామ ఎల్లేశానికి గొంతులో పుండు లేచింది.

ఎల్లేశం గిరికి మేనమామే కాదు, పిల్లనిచ్చిన మామ కూడా. అదే ఊళ్లో, కురుమవాడలో ఇల్లు. గొర్లు కాసుకునే కుటుంబం. ఆయనా గొర్లు కాశాడు గానీ, చుట్టుపక్కల ఊళ్లకు ఆయన తెలిసింది ఒగ్గు కథతో. కాళ్లకు గజ్జెలు, నొసట పసుపు బండారి, చేతిలో ఒగ్గు అనే చిన్న డమరుకం పట్టుకుని కులదేవుని కథ ఎత్తుకున్నాడంటే తెల్లారేదాకా జనం కదిలేవాళ్లు కాదు. ఆయన చెప్పే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. తండ్రి గొంతులోంచి ఆయన గొంతులోకి వచ్చింది, ఆయన నుంచి ఇంకా ఎవరి గొంతులోకీ పోలేదు. పక్కన డోలు కొట్టే బీరన్నకు దరువు వచ్చు, 'ఆహా' అనడం వచ్చు, కథ రాదు. కొడుకులు లేరు. మేనల్లుడైనా నేర్చుకుంటాడేమో అనుకుంటే, వాడు మీసాలు రాకముందే కెమెరా భుజాన వేసుకున్నాడు.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరు గొంతులోకి లైటు పెట్టి చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. తీస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు. గొంతుకు పెట్టుకునే యంత్రాలున్నాయి గానీ పుండు పాకిన తీరుకు ఈయనకు అవీ పనికిరావన్నాడు.

"అయితే నాకొద్దు సారు," అన్నాడు ఎల్లేశం. "ఉన్నన్ని దినాలు కథ చెప్పుకుంట ఉంట. తర్వాత పోత. అందరు పోరా ఏంది?"

ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ అక్కడే నేల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ల బిడ్డ మల్లిక, అంటే గిరి పెళ్లాం, తల్లిని లేపాలో తండ్రిని ఒప్పించాలో తెలియక నడుమ నిలబడిపోయింది. దారి పొడవునా బస్సులో ఎవరు ఎంత బతిమాలినా ఆయనది ఒకటే మాట.

"నేను పోతె పోయిన గని అల్లుడా, కథ పోతె మా నాయినకు ఏం జవాబు చెప్పాలె నేను?"

గిరి ఆ పూట మామ ఏమడిగినా ఇచ్చేసేవాడే. ఆయన అడక్కముందే మాట ఇచ్చేశాడు.

"ఎందుకు పోతది మామా? ఉన్న కథంత నేను కెమెరాల ఎక్కిస్త. ఒక్క మాట ఇడవకుంట ఎక్కిస్త. నీ గొంతు ఎక్కడికీ పోదు. నాది జిమ్మ."

ఎల్లేశం చౌటుప్పల్ దాటాక తలాడించాడు. ఆ ఒక్క మాట మీద ఆయన గొంతు కోయించుకోవడానికి ఒప్పుకున్నాడు.

"ఫోన్ల పెట్టియ్యకు కొడుకా, నాకు గది ఒత్తరాదు," అంది లక్ష్మీనర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ. "డిస్కు చేసియ్యి. మన డబ్బల ఏసుకుని ఇంట. బొమ్మ ఎట్లున్న సరే, మాట మంచిగ ఇనవడాలె."

రాత్రి చెప్పాల్సిన కథ. చలిగాలి తగలొద్దన్నారు గనుక పొద్దున్నే మొదలుపెట్టారు, ఎల్లేశం ఇంటి ముందు పందిరి కింద. వాడకట్టు వాడకట్టంతా వచ్చింది. ఆ రోజు గిరి చేసిన హడావుడి చూసి తీరాలి. రెండు కెమెరాలు, కిరాయికి తెచ్చిన మైకు, నల్గొండ నుంచి తెప్పించిన లైట్లు. కోడి కూసిందని కోడిని వెళ్లగొట్టించాడు. ముసలాయన ఒకడు దగ్గితే వెనక్కి పోయి కూర్చోమన్నాడు. ఇంతలో చూస్తే ప్రతివాడి చేతిలోనూ ఫోను. గిరికి చిర్రెత్తింది. నడుమ ఒక్కటి మోగినా కథ చెడుతుంది, మైకులో కీచుమంటుంది.

"ఫోన్లన్ని బంజేసి గీ గంపల ఏయుండ్రి. ఎవ్వరు తియ్యొద్దు. అందరికి నేనే డిస్కులిస్త, ఫికర్ చెయ్యకుండ్రి," అని గంప తిప్పి అన్నీ పోగేసి, తీసుకెళ్లి ఇంట్లో పెట్టాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. పని తెలిసినవాడు, పైగా ఇంటల్లుడు, చెబుతున్నాడు గదా.

ఎల్లేశం గజ్జె కట్టాడు. పుండున్న గొంతు, మొదట్లో మాట గీసుకుపోయింది. జనం ముఖాలు దించుకున్నారు. కాసేపటికి ఎక్కడ దొరికిందో ఏమో, ఆయనకు తోవ దొరికింది. ఆ పుండు పక్కనుంచే పాట సందు చేసుకుని బయటికొచ్చింది. బీరన్న డోలు మీద ఒంగి, అన్నా మెల్లగ, అన్నా మెల్లగ అని కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆయన వింటేనా! రాజయ్యాడు, రాణయ్యాడు, తప్పిపోయిన గొర్రెపిల్లయి మే మే అని అరిచాడు. మధ్యాహ్నం ఇంత గంజి తాగి మళ్లీ లేచాడు. అక్క తమ్ముణ్ని మంద వెంట అడవికి సాగనంపే చోటు వచ్చేసరికి ఆడవాళ్లంతా ముక్కులు చీదుతున్నారు. కెమెరా వెనక గిరికి కళ్లు మసకబారి, బొమ్మ సరిగ్గా ఉందో లేదో కాసేపు కనబడనే లేదు. మంగళం పాడేసరికి పొద్దు వాలింది. ఎల్లేశం అరుగు మీద కూలబడి, వేలితో తన గొంతు చూపించి, ఆ వేలిని కెమెరా వైపు తిప్పాడు.

"వచ్చింది మామా. అంత వచ్చింది," అన్నాడు గిరి.

అది అబద్ధం కాదు. షాపుకు పోయి కంప్యూటర్లో వేసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ప్రతి మాటా ఉంది. గజ్జెల చప్పుడుంది. నడుమ నడుమ ఎల్లేశం దగ్గు ఉంది, అది కూడా తీసేయబుద్ధి కాలేదు.

ఆపరేషన్ ముందు రోజు దవాఖానకు వెళ్లి చూస్తే, ఎల్లేశం వార్డులో ఒక్కరినీ వదలకుండా మాట్లాడుతున్నాడు. పక్క మంచం మీదివాణ్ని ఏ ఊరని, నర్సును ఎంతమంది పిల్లలని, ఊడ్చే ఆమెను చీపురు ఏ గడ్డిదని. నర్సు రెండుసార్లు కసిరింది.

"మాటలన్ని ఒడగొట్టుకుంటున్న అల్లుడా, రేపటి సంది ఎట్లాగు ఉండవు," అని నవ్వాడు. తర్వాత గిరి చేయి పట్టుకుని గొంతు తగ్గించాడు. "డిస్కు గడిబిడి చెయ్యకు. నిమ్మలంగ చెయ్యి. నాకిప్పుడు భయం లేదు."

అదే ఆయన గిరితో అన్న ఆఖరి మాట.

మల్లికనూ లక్ష్మీనర్సమ్మనూ అక్కడే ఉంచి గిరి ఒక్కడే వెనక్కి వచ్చాడు. పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాడు, రానంటే ఊరుకుంటారా? ఆ పెళ్లిళ్ల నడుమనే కథను డిస్కులకు ఎక్కించాలి. ఈసారి అతడికి 'పెళ్లి' నొక్కబుద్ధి కాలేదు. మామ ముఖం మీది ప్రతి ముడతా కనబడాలి, నొసటి బండారి పచ్చగా మెరవాలి, అందరికీ చేసేదానికంటే ఇంకా మంచిది చేద్దాం అనుకుని, ఎన్నడూ ముట్టని గళ్లు తెరిచాడు. క్వాలిటీ బాగా పెంచి, పరీక్షకని మామ గజ్జె కట్టుకునే ముక్క ఒక్కటే ఎక్కించాడు. ఎల్లేశం ఇంట్లోని ప్లేయర్‌నే మోసుకొచ్చి షాపులో పెట్టుకున్నాడు, ఎక్కడ ఆడినా దాంట్లో ఆడకపోతే ఏం లాభం? డిస్కు వేస్తే బొమ్మ కాస్త కదిలి ఆగింది, మళ్లీ కదిలి ఆగింది. బిట్‌రేటు తగ్గించాడు. ఈసారి మామ ముఖం గళ్లు గళ్లుగా విరిగిపోయింది. ఫ్రేముల గడి మార్చాడు. నలుపు తెలుపు. అది మార్చి దాని పక్కది మార్చాడు. 'నో డిస్క్'. పాడైన డిస్కులు బల్ల మీద పేరుకుపోయాయి. ఏ గడి మార్చితే ఏది చెడిందో గుర్తు లేదు. పరమేష్‌కు ఫోన్ చేస్తే ఏదో దావత్‌లో ఉన్నాడు.

"దాని జోలికి పోవద్దని చెప్పిన్నా లేదా?" అని కసిరి పెట్టేశాడు.

అప్పుడే మల్లిక ఫోను. ఆపరేషన్ అయిపోయిందట.

"బాపు లేసిండు బావా. ఏదో చెప్తాండు. నోరు కదుల్తాంది, ఏం ఇనవస్తలేదు," అని ఏడ్చింది. కాసేపటికి తమాయించుకుని, "డిస్కు అయిందా అని అమ్మ అడుగుతాంది. ఏమని చెప్పాలె?" అంది.

"అయిందని చెప్పు," అన్నాడు గిరి.

చెప్పేశాక చేయక తప్పదు. అన్ని ఇళ్లలో ఆడేది, ఒక్కసారీ వాపసు రానిది ఒక్కటే ఉంది. ముందు టైటిల్ పెట్టాడు: ఎల్లేశం ఫోటో, పేరు, వెనక సన్నాయి. టైటిల్ లేకుండా డిస్కు ఇచ్చే అలవాటు లేదు మరి. దాని వెనక కథంతా పెట్టి, దేవుడా అనుకుంటూ 'పెళ్లి' నొక్కాడు. ఆ రోజంతా కంప్యూటర్ తిరిగింది. తయారైన డిస్కుల్లో మొదటిది ప్లేయర్లో వేస్తే ఎంత బుద్ధిగా ఆడిందని! సన్నాయి మోగింది, ఫోటో వచ్చింది, పేరు గిర్రున తిరిగి నిలబడింది. ఆ పైన గిరి రిమోట్ తీసుకుని ఆఖరి డిస్కుదాకా ముందుకు ఉరికించాడు. మిక్సింగ్ షాపుల్లో ఎవరైనా అంతే. ప్రతి పెళ్లీ మొత్తం కూర్చుని చూస్తే ఇక బతికినట్టే. ఉరికిస్తూ బొమ్మ చూసుకుంటారు, ఎక్కడా చెదరకపోతే పాసు. ఉరికేటప్పుడు సౌండు రాదు, అది అందరికీ తెలిసిందే. ఎల్లేశం గబగబా ఎగిరాడు, గబగబా ఏడ్చాడు, గబగబా మంగళం పాడాడు. రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాడు గిరి. జాగ్రత్తపరుడు గనుక ఇంకో జత కూడా చేసి షాపులో దాచాడు.

మర్నాడు నకిరేకల్‌లో పెళ్లి. కెమెరాల్లోకి మెమరీ కార్డులు కావాలి, హార్డ్ డిస్కులో జాగా కావాలి. డిస్కులు చేతికొచ్చాక లోపలిదంతా తుడిచేసి తర్వాతి పెళ్లికి జాగా చేసుకోవడం ఎప్పుడూ ఉన్న పనే. నిజంగా తుడిచేయనా అని కంప్యూటర్ అడిగింది. అది ప్రతిసారీ అడుగుతుంది, గిరి ప్రతిసారీ నొక్కేదే మళ్లీ నొక్కాడు.

ఎల్లేశం ఇల్లు చేరేసరికి సగం మనిషయ్యాడు. మెడకు తెల్లటి గుడ్డ, దాని కింద గొంతులో రంధ్రం, ఊపిరి అందులోంచే. కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. గిరి చేతిలోని డిస్కుల సంచిని చూసి, తన పక్కన పెట్టమని మంచం మీద తట్టాడు. వాడకట్టంతా మళ్లీ వచ్చింది. ప్లేయర్‌ను గిరి తిరిగి తెచ్చి టీవీకి కలిపాడు. దాని మీద లేని దుమ్మును కూడా లక్ష్మీనర్సమ్మ కొంగుతో తుడిచింది.

"నేనే ఏస్త. రేపటి సంది ఏసుకునేది నేనే గద," అని గిరి చేతిలోంచి డిస్కు లాక్కుంది.

సన్నాయి మోగింది. ఫోటో రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎల్లేశం సిగ్గుపడి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పేరు వచ్చింది, పోయింది. పందిరి వచ్చింది. పందిరి కింద గజ్జెలు కట్టుకున్న ఎల్లేశం ఒగ్గు ఎత్తి, నోరు తెరిచాడు.

సౌండు లేదు.

"జర పెద్దగ పెట్టు బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ.

మల్లిక పెద్దగా పెట్టింది. టీవీ మీద పచ్చగీతలు ఒక్కొక్కటే పెరిగి చివరికంటా పోయాయి. టీవీ ఉస్సుమంది. ఎల్లేశం నోరు కదులుతోంది, బీరన్న చేతులు డోలు మీద పడుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. వైరు వదులైందన్నారొకరు. వైరు తీసి పెట్టారు. ఎర్రది తెల్లదాంట్లో, తెల్లది ఎర్రదాంట్లో పెట్టి చూశారు. మొదటికి పోతే సన్నాయి చెవులు పగిలేలా మోగింది. పందిరి రాగానే మళ్లీ మూగ. రెండో డిస్కు వేశారు. ఆఖరిది వేశారు.

"సన్నాయి మంచిగనే వస్తాంది గద, డబ్బ మంచిదే," అన్నాడు బీరన్న.

"షాపుల ఇంకో జత ఉన్నది, తెస్త," అని గిరి బండి తీశాడు.

ఇంకో జతా అంతే. 'పెళ్లి' తెరిచి, ఇన్నేళ్లలో మొదటిసారి లోపలి గళ్లు ఒక్కొక్కటే చదివాడు. అన్నీ దాటి కింద, సౌండు వరుసలో, రెండు గళ్లున్నాయి. ఒకటి పాటలది, దాంట్లో టిక్కు ఉంది. ఇంకోటి కెమెరా సౌండుది, దాంట్లో టిక్కు లేదు.

ఉండదు మరి! పెళ్లి వీడియోలో కెమెరా సౌండు ఎవడికి కావాలి? అందులో ఉండేది జనరేటర్ మోత, వంటవాడి తిట్లు, ఇటు చూడమ్మా జర నవ్వమ్మా అనే గిరి అరుపులు. అదంతా తీసేసి పైన సినిమా పాటలు పరుస్తారు. పరమేష్ చేసినదాంట్లో తప్పు లేదు. ఇన్నేళ్లుగా గిరి చేసిన డిస్కుల్లో ఏ పెళ్లికూతురూ ఒక్క మాట మాట్లాడలేదు, ఇదేమిటని ఎవరూ అడగనూ లేదు.

మళ్లీ పరమేష్‌కు ఫోన్ చేశాడు.

"తుడిసినంక దాని మీద మళ్ల ఏమన్న తీసినవా?" అడిగాడు పరమేష్, అంతా విని.

"పెళ్లిళ్లు తీసిన."

"కార్డులు నిండినయా?"

"నిండినయి. హార్డ్ డిస్కు గూడ నిండింది."

"ఇగ రాదురా గిరీ. మీద మళ్ల పడ్డంక ఎవ్వనితోని కాదు."

"ఏదన్న సాఫ్ట్‌వేర్ ఉంటదేమో, హైదరాబాద్‌ల..."

"రాదురా," అన్నాడు పరమేష్. ఈసారి కసరలేదు, మెల్లగానే అన్నాడు.

మల్లిక వెనకాలే నడిచొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఫోన్లన్ని గంపల ఏయించినవు కద బావా. ఒక్క పోరడన్న తీస్తుండె," అంది. ఆమె లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. "మన పెళ్లి డిస్కుల గూడ బాపు మాట లేదు. నన్ను అప్పజెప్పుకుంట పాడిండు, యాదున్నదా? నువ్వు గాడ సినిమా పాట ఏసినవు. నేను నవ్వి ఊకున్న. ఆనాడే నీతోని కొట్లాడాల్సిండె."

కొట్లాడలేదిప్పుడు కూడా. ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. గిరి భుజం మీద చేయి వేయబోతే తోసేసింది. ఏడుపు అయ్యాక లేచి, "పా. ఇంటికొచ్చి నువ్వే చెప్పు. నాతోని కాదు," అంది.

వాళ్లు వచ్చేసరికి వచ్చినవాళ్లలో సగం మంది లేచిపోయారు. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపబోతే ఎల్లేశం చేయి పట్టుకుని ఆపనివ్వలేదట. దిండుకు ఆనుకుని తెరనే చూస్తున్నాడు. గిరి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మామా, నీ గొంతు పోయింది. నేనే పోగొట్టిన. మళ్ల తెచ్చే తోవ లేదు," అన్నాడు.

లక్ష్మీనర్సమ్మకు అర్థం కాలేదు. "అంటే ఇంకో డిస్కు చేస్తవా? ఎన్నడు చేస్తవు?"

"ఇగ కాదత్తా."

"నల్గొండల అడుగు. పట్నంల పెద్ద షాపులుంటయి, అడుగు."

"ఎక్కడ కాదత్తా."

"బొమ్మ ఉన్నది గద కొడుకా," అంది ఆమె, పసిపిల్లాడికి నచ్చజెప్పినట్టు. "మనిషున్నడు, నోరు కదుల్తాంది. మరి మాట ఎటు పోయింది?"

గిరి టిక్కు సంగతి చెబుతాడా? ఎల్లేశం తిడితే బాగుండు, తిట్టడానికి గొంతు లేదు. చెంప పగలగొడితే ఇంకా బాగుండు, ఆయన అదీ చేయలేదు. కళ్లు మూసుకున్నాడు. గుడ్డ కింద ఊపిరి బుసబుసమంది. తర్వాత గిరి తల మీద చేయి వేశాడు. ఆ చేయి పడగానే గిరికి దుఃఖం ఆగలేదు, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

తెర మీద అక్క తమ్ముణ్ని సాగనంపే చోటు వచ్చింది. బీరన్న చూడగానే పోల్చుకున్నాడు, తన చేతులే కదా అవి. మూలనున్న డోలు లాక్కుని, తెర మీది చేతులను చూస్తూ మెల్లగా దరువు వేయడం మొదలుపెట్టాడు. పొయ్యి ముందు కూర్చుని, గొర్ల దొడ్డి ఊడుస్తూ, పిల్లకు పాలిస్తూ ఆ చోటును ఎన్నిసార్లు విందో లక్ష్మీనర్సమ్మకే లెక్కలేదు. కొంగు సర్దుకుని తనే ఎత్తుకుంది.

"గొంగడి మడతేసి ఇస్తున్న తమ్ముడా
మడతల్ల నా మాట దాసిన తమ్ముడా
సలైతె కప్పుకో తమ్ముడా
వానైతె కప్పుకో తమ్ముడా
ఎండైతె..."

ఆగిపోయింది. దరువు ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఎండైతె అని మళ్లీ అందుకుని మళ్లీ ఆగింది.

"ఎండైతె ఏమంటది బీరన్నా?"

"నేను డోలు కొట్టెటోన్ని వదినా. మాట ఎన్నడు పట్టుకున్న?" అన్నాడు బీరన్న. డోలు మాత్రం ఆపలేదు.

ఆమె మంచం వైపు తిరిగింది. "ఏమంటదయ్యా అక్క? ఎండైతె ఏం జెయ్యమంటది?"

ఎల్లేశం లేచి కూర్చుని చెప్పాడు. పెదవులు నిండుగా కదిలాయి, చేతులూ ఆడాయి. తెర మీది ఎల్లేశం కూడా అప్పుడు అదే చెబుతున్నాడు. ఇద్దరిలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

"పర్సుకొమ్మంటదా బాపూ?" అంది మల్లిక.

కాదన్నాడు.

"నెత్తి మీద ఏసుకొమ్మంటదా?"

కాదు.

"గొర్రెపిల్లకు నీడ పట్టుమంటదా?"

కాదు, కాదు. ఆయనకు రాయరాదు. తెలిసిన సైగలన్నీ చేశాడు. చేతులతో ఏదో మడిచాడు, ఏదో విప్పాడు, గుండె మీద పెట్టుకున్నాడు, దూరంగా ఎటో చూపించాడు. అందరూ తలో మాట అన్నారు, అది కాదు, అదీ కాదు. తెర మీది ఎల్లేశం ఆ చోటు దాటి ఎప్పుడో ముందుకు పోయాడు.

గిరి లేచి మంచం మీదికి ఒంగి, తన చెవిని ఆయన పెదవులకు ఆనించాడు. పెదవులు చెవికి తగులుతూ కదిలాయి. ఊపిరి మాత్రం కింద మెడ గుడ్డలోంచి వస్తోంది.

"ఇంకొక్కపారి చెప్పు మామా," అన్నాడు.

ఎల్లేశం ఇంకొక్కసారి చెప్పాడు.